నీళ్ల పైపు బండికి మూల జాయింటు: మనమే డిజైన్ చేసుకుందాం

మిద్దె తోట ఉన్న ఇంట్లో మొక్కల కంటే ఎక్కువ సతాయించేది పైపు. మే నెలలో మేడ మీద పగలంతా ఎండకు కాగి, మెత్తబడి, మెలికలు పడి ఉంటుంది. సాయంత్రం లాగితే ఏదో ఒక కుండీకి చుట్టుకుని దాన్ని పడేస్తుంది. చక్రాల బండి మీద డ్రమ్ముకు చుట్టి పెట్టుకుంటే ఈ బాధ సగానికి పైగా పోతుంది. కానీ నేను చూసినంతలో ఆ బండ్లలో ముందు పాడయ్యేది పైపూ కాదు, డ్రమ్మూ కాదు. ఫ్రేము మూలలు.

మా ఇంట్లో మొదటి బండిని గుండ్రటి పీవీసీ పైపులు, ఎల్బోలు తెచ్చి సొల్యూషన్‌తో అతికించి చేశాను. రెండు నెలలు బాగానే ఉంది. ఒక రోజు అమ్మ పైపు లాగుతూ, "ఒరేయ్, బండి పక్కకి ఒరుగుతోంది, చూడు" అంది. చూస్తే ఎల్బో లోపల పైపు కొద్దిగా తిరిగిపోయి ఉంది. గుండ్రటి పైపును గుండ్రటి ఎల్బోలో తిరగకుండా ఆపేది జిగురు ఒక్కటే. జిగురు వదిలితే ఆ మూలను పట్టేది ఇంకేమీ లేదు. మూల జాయింటు డిజైన్‌లో నేను నేర్చుకున్న మొదటి విషయం అదే. బరువు మోసే పనిని జిగురుకూ బోల్టుకూ అప్పగించకూడదు, ఆకారానికే అప్పగించాలి. బోల్టు ఆ ఆకారాన్ని కదలకుండా పట్టి ఉంచితే చాలు.

కింద చెప్పే జాయింటు ఆ లెక్కతోనే గీసింది, త్రీడీ ప్రింటరు మీద ప్లాస్టిక్‌తో చేయించుకునేది. పెట్టె ఆకారపు ఫ్రేములో ఎనిమిది మూలలకూ ఒకే డిజైన్ సరిపోతుంది.

ముందు బరువు లెక్క

కాగితం తీసుకుని ఈ లెక్క వేయండి, పది నిమిషాల పని. అరంగుళం లోపలి వ్యాసం ఉన్న పైపు 30 మీటర్లు తీసుకుంటే, దానిలో నిలిచే నీళ్లే సుమారు 3.8 లీటర్లు, అంటే 3.8 కిలోలు. గోడ మందం 2.5 మి.మీ. ఉన్న పీవీసీ పైపు అయితే దాని బరువు ఇంకో నాలుగున్నర కిలోలు ఉంటుంది. డ్రమ్ము, ఇరుసు కలిపితే మొత్తం 11 కిలోల దగ్గర తేలుతుంది. ముప్పావు అంగుళం పైపు వాడేవాళ్లు జాగ్రత్త, అందులో నీళ్లే ఎనిమిదిన్నర కిలోలు ఉంటాయి.

ఈ 11 కిలోలు నిలువుగా కిందికి దిగితే ఏ ఫ్రేమైనా మోస్తుంది. కష్టమంతా పక్కకు లాగినప్పుడే. పైపు కుండీకి చిక్కుకుంటే మనం కోపంగా ఒక గుంజు గుంజుతాం. ఆ బలం 10 కిలోలు అనుకోండి. అది డ్రమ్ము ఉన్న చోట, నేల నుంచి సుమారు 45 సెం.మీ. ఎత్తులో పడుతుంది. నాలుగు నిలువు ట్యూబులు, వాటి పైనా కిందా కలిపి ఎనిమిది మూలలు ఆ గుంజును పంచుకుంటాయి. ట్యూబులోకి దూరే జాయింటు చేయి 40 మి.మీ. పొడవు ఉంటే, ఒక్కో చేయి మీద పడే ఒత్తిడి సుమారు 14 కిలోలు. చేయి పొడవు సగం చేసి 20 మి.మీ. పెడితే అది 28 కిలోలకు పెరుగుతుంది. పొట్టి చేయి పెడితే ప్లాస్టిక్ మిగులుతుంది, మూల మాత్రం విరుగుతుంది.

ట్యూబు ఎంపిక

చదరపు ట్యూబు తీసుకోండి. దానిలోకి చదరపు చేయి దూరితే ఇక తిరగడం అనేది ఉండదు. నేను వాడింది అంగుళం అల్యూమినియం స్క్వేర్ ట్యూబు, అంటే బయట 25.4 మి.మీ., గోడ 1.2 మి.మీ. కిటికీలు, పార్టిషన్లు చేసే అల్యూమినియం షాపుల్లో దొరుకుతుంది. హైదరాబాద్‌లో అయితే నట్లు, బోల్టులు, వాషర్లు, చక్రాలకు రాణిగంజ్ వైపు వెళితే ఒక్క చుట్టులో పని అయిపోతుంది.

ఇనుప ట్యూబు చవక, గట్టిది కూడా. కానీ మేడ మీద రోజూ తడుస్తుంది, పెయింటు గీసుకుపోయిన చోట తుప్పు మొదలవుతుంది. ఇంకో సంగతి కూడా ఉంది. బాలానగర్‌లో ఒక ఫ్యాబ్రికేషన్ షాపులో ట్యూబు కొలుస్తుంటే అక్కడి పనివాడు చెప్పాడు: "అన్నా, లోపల వెల్డింగ్ గీత ఉంటది, చేయి పెట్టి చూడండి." నిజమే. ఇనుప ట్యూబును రేకు వంచి అతుకుతారు కాబట్టి లోపలి గోడ మీద పొడవునా ఒక గీత ఉబ్బి ఉంటుంది. ఇనుమే వాడతాననుకుంటే జాయింటు చేతికి ఆ వైపు ఒక గాడి వదలండి, లేకపోతే చేయి లోపలికి దూరదు. అల్యూమినియం స్క్వేర్ ట్యూబుకు మామూలుగా ఈ గీత ఉండదు.

కొనేముందు నాలుగైదు ముక్కల చివర్లు వెర్నియర్ కాలిపర్‌తో కొలవండి. షాపులో "అంగుళం" అన్నది కాలిపర్‌లో 25.0 రావచ్చు, 25.4 రావచ్చు. లోపలి కొలత ముఖ్యం. నా ట్యూబులో అది 23.0 మి.మీ. ఇక్కడి నుంచి చెప్పే అంకెలన్నీ ఆ 23.0 మీద ఆధారపడ్డవే. మీ కొలత వేరైతే ఆ తేడాను అన్నిచోట్లా సవరించుకోండి.

ఫ్రేము కొలతలు

పెట్టె ఆకారం పెట్టుకోండి. బయటి కొలతలు 40 సెం.మీ. పొడవు, 30 సెం.మీ. వెడల్పు, 50 సెం.మీ. ఎత్తు. 40, 30 ఎందుకన్నది బిగించేటప్పుడు తెలుస్తుంది. ప్రతి మూలలో 25.4 మి.మీ. దిమ్మ ఉంటుంది కాబట్టి ట్యూబు పొడవు అంటే బయటి కొలతలోంచి 50.8 మి.మీ. తీసేయాలి. అంటే 349 మి.మీ. ముక్కలు నాలుగు, 249వి నాలుగు, 449వి నాలుగు. మొత్తం 4.2 మీటర్లు, 14 అడుగుల లోపే.

జాయింటు ఆకారం

మధ్యలో 25.4 మి.మీ. ఘనాకారపు దిమ్మ. దాని నుంచి మూడు దిక్కులకు మూడు చేతులు, ఒక్కోటి 40 మి.మీ. పొడవు. ట్యూబు చేతి మీదికి జారి, దాని కోసిన అంచు దిమ్మ ముఖానికి ఆనుతుంది. నిలువు ట్యూబు మీద పడే బరువు ఆ అంచు నుంచి నేరుగా దిమ్మకు దిగుతుంది, బోల్టు మీద పడదు. ట్యూబు బయటి ముఖం, దిమ్మ ముఖం ఒకే మట్టంలో ఉంటాయి కాబట్టి పైపు తగులుకోవడానికి గట్టు కూడా ఉండదు. ట్యూబు బయటి నుంచి తొడిగే సాకెట్ రకం కూడా చేయొచ్చు. కానీ దాని అంచులకు పైపు చిక్కుతుంది, పైకి తెరుచుకున్న సాకెట్లలో నీళ్లు నిలుస్తాయి. లోపలి చేయే మేలు.

చేతి మందం దగ్గర ఓపిక పట్టండి, బండి ఊగుతుందా లేదా అన్నది ఇక్కడే తేలిపోతుంది. ట్యూబుకూ చేతికీ మధ్య 0.3 మి.మీ. ఖాళీ ఉంటే 40 మి.మీ. చేయి మీద ట్యూబు 0.4 డిగ్రీలకు పైగా ఊగుతుంది. 50 సెం.మీ. పైకి వెళ్లేసరికి అది 3.75 మి.మీ. ఊపు. ఎనిమిది మూలల్లో ఇంత ఖాళీ ఉన్న బండిని పట్టుకుంటే వదులు మంచం లాగా ఉంటుంది. అలాగని చేతిని సరిగ్గా 23.0 పెడితే అసలు దూరదు.

అందుకే చేతిని 22.6 మి.మీ. పెట్టి, నాలుగు ముఖాల మీదా పొడవునా రెండేసి సన్నటి గీతలు ఉబ్బించండి. ఒక్కోటి 1 మి.మీ. వెడల్పు, 0.3 మి.మీ. ఎత్తు. అప్పుడు గీత నుంచి గీతకు కొలత 23.2 అవుతుంది. రబ్బరు సుత్తితో ట్యూబును దిగ్గొట్టినప్పుడు ఆ గీతలు కొద్దిగా నలిగి ట్యూబును గట్టిగా పట్టేస్తాయి. కొలతలో చిన్న తేడాలున్నా గీతలే సర్దుకుంటాయి. చేతి కొనను 1.5 మి.మీ. ఏటవాలుగా చెక్కండి, ట్యూబు తేలిగ్గా ఎక్కుతుంది.

చేయి దిమ్మను కలిసే మొదట్లో పదునైన మూల వదలొద్దు, పగులు అక్కడే మొదలవుతుంది. అర మి.మీ. గుండ్రం ఇవ్వండి. ఇంకా పెద్ద గుండ్రం ఇవ్వాలని మనసు పీకుతుంది కానీ, ట్యూబు లోపలి అంచు దానికి తగిలి దిమ్మకు ఆనకుండా ఆగిపోతుంది. ట్యూబు లోపలి అంచును కూడా ఆకురాయితో అంతే అర మి.మీ. లాగండి.

మూడు చేతులు ఒకే ముక్కలో ఎందుకు వద్దు

త్రీడీ ప్రింటు పొరలు పొరలుగా పేరుస్తుంది. పొరకూ పొరకూ మధ్య పట్టు, పొర వెంబడి ఉండే బలం కంటే తక్కువ. మూడు చేతుల ముక్కను దిమ్మ అడుగు మీద నిలబెట్టి ప్రింటు చేస్తే రెండు చేతులు పడుకుని గట్టిగా వస్తాయి. నిలబడ్డ మూడోది మాత్రం పక్కకు గుంజగానే మొదట్లో తెగిపోతుంది. ఏ వైపు తిప్పి పెట్టినా ఏదో ఒక చేయి నిలబడాల్సిందే. మొత్తం ముక్కను ఐమూలగా పెట్టి ప్రింటు చేసే పద్ధతి ఉంది. దానికి కింద నిలబెట్టే ఆధారాలు (సపోర్టులు) చాలా కావాలి, అప్పుడు కూడా మూడు చేతులూ ఓ మోస్తరు బలంగానే వస్తాయి.

నేను దాన్ని రెండు ముక్కలు చేశాను. మొదటిది దిమ్మతో పాటు రెండు చేతులు ఉండే ఎల్ ఆకారం. రెండోది విడిగా నిలువు చేయి. రెండింటినీ పడుకోబెట్టే ప్రింటు చేయాలి, అప్పుడు మూడు చేతుల్లోనూ పొరలు పొడవునా వస్తాయి. రెంటినీ కలిపేది ఒక ఎం6 బోల్టు, అంటే 6 మి.మీ. మందం ఉన్నది.

దిమ్మ మధ్యలో కింది నుంచి పైకి 6.5 మి.మీ. రంధ్రం పెట్టండి. అడుగున బోల్టు తల కూర్చునే ఆరు పలకల గుంట, పలక నుంచి పలకకు 10.3 మి.మీ., లోతు 5 మి.మీ. తల అందులో ఇరుక్కుంటుంది కాబట్టి బిగించేటప్పుడు తిరగదు. విడి చేతికి పొడవునా అదే 6.5 మి.మీ. రంధ్రం. విడి చేయి బోల్టు చుట్టూ తిరగకుండా దాని అడుగున 10 మి.మీ. వెడల్పు, 3 మి.మీ. ఎత్తున ఒక నాలుక, దిమ్మ పై ముఖం మీద దానికి తగిన గాడి పెట్టండి. గాడిని నాలుక కంటే 0.2 మి.మీ. వెడల్పుగా ఉంచితే సరిగ్గా కూర్చుంటుంది.

బోల్టు పొడవు లెక్క ఇది: దిమ్మలో గుంట పోను 20.4, చేయి 40, వాషర్ 1.6, నైలాక్ నట్టు (లోపల నైలాన్ రింగు ఉండి తేలిగ్గా వదులు కానిది) 6. మొత్తం 68. కాబట్టి 70 మి.మీ. బోల్టు. స్టెయిన్‌లెస్ స్టీల్ 304 అడగండి, ఎనిమిది బోల్టులు, ఎనిమిది నట్లకు పెద్ద ఖర్చేమీ కాదు.

కుడి మూలకు ఒకటి, ఎడమ మూలకు ఇంకొకటి డిజైన్ చేయాలా అనే అనుమానం రావచ్చు. అక్కర్లేదు. ఎల్ ముక్క రెండు చేతులూ సమానం కాబట్టి, పై మూలలకు అదే ముక్కను తలకిందులు చేస్తే సరిపోతుంది.

గీయడానికి ఫ్రీక్యాడ్ అనే సాఫ్ట్‌వేర్ చాలు, ఉచితంగా దొరుకుతుంది. ముందే ఒక పట్టికలో ట్యూబు బయటి కొలత, లోపలి కొలత, చేతి మందం, పొడవు పేర్లతో పెట్టుకుని, డ్రాయింగులోని కొలతలను ఆ పేర్లకు ముడి వేయండి. రేపు వేరే ట్యూబు తెస్తే పట్టికలో రెండు అంకెలు మారిస్తే చాలు.

ముందు తునక, తర్వాతే జాయింటు

ఒకేసారి ఎనిమిది జాయింట్లు ప్రింటు చేయించొద్దు. ముందుగా 15 మి.మీ. ఎత్తున్న చదరపు తునకలు మూడు చేయించండి: 22.4, 22.6, 22.8. వాటి మీద గీతలు వద్దు, అంకె మాత్రం చెక్కించండి. ప్రతి ప్రింటరూ ఒకేలా రాదు, ఫైల్లో 22.6 అన్నది ఒక మెషీన్ మీద 22.7గా వస్తుంది. వాటిలో బొటనవేలితో నొక్కితే ఆగకుండా దూరేదే మీ కొలత. దానికి గీతలు కలపండి. తర్వాత ఒకే ఒక్క పూర్తి మూల చేయించి, మూడు ట్యూబులు బిగించి, చేత్తో మెలిపెట్టి చూడండి. నాకు ఈ దశలోనే నాలుక గాడిలో దూరలేదు. ఒక్క ముక్కతో పోయింది.

ప్రింటరు లేకపోతే ఫైలు ఇస్తే చేసిచ్చే వాళ్లు నగరంలో చాలామంది ఉన్నారు. రాయదుర్గంలో 2023 మార్చిలో ప్రారంభమైన టీ-వర్క్స్ ఇలాంటి నమూనాలు చేసుకోవడానికి పెట్టిందే.

ఏ ప్లాస్టిక్?

త్రీడీ ప్రింటర్లలో మామూలుగా వాడే పీఎల్‌ఏ ప్లాస్టిక్ మాత్రం వద్దు. అది 55, 60 డిగ్రీలకే మెత్తబడటం మొదలుపెడుతుంది. హైదరాబాద్‌లో మేలో గాలి వేడే 40 దాటుతుంది, ఎండలో పెట్టిన ముదురు రంగు ప్లాస్టిక్ దానికంటే చాలా వేడెక్కుతుంది. పీఎల్‌ఏ మూల ఆ వేడిలో బోల్టు బిగువుకే కుంగిపోతుంది. పీఈటీజీ 80 డిగ్రీల దాకా ఆగుతుంది, ప్రింటు చేయడం సులువు, నీడలో ఉండే బండికి చాలు. ఎండలోనే ఉండే బండికి ఏఎస్‌ఏ తీసుకోండి. అది దాదాపు 100 డిగ్రీల దాకా నిలుస్తుంది, ఎండకు తొందరగా పెళుసుబారదు. ఏబీఎస్ వేడిని తట్టుకుంటుంది కానీ ఎండకు పాడవుతుంది. రంగు తెలుపో లేత బూడిదో అయితే తక్కువ వేడెక్కుతుంది. బయటి గోడలు ఐదు, లోపల నింపు 40 శాతం అని చెప్పండి. బలం ఎక్కువగా గోడల్లోనే ఉంటుంది కాబట్టి నింపు పెంచే బదులు గోడలు పెంచమనండి.

ప్రింటు వద్దనుకునేవాళ్లు ఇదే డిజైన్‌ను వడ్రంగి చేత టేకుతో చేయించుకోవచ్చు. దిమ్మ, మూడు విడి చేతులు, కర్ర నారలు చేతి పొడవునా ఉండేలా చూడాలి. బరువూ బలమూ సరిపోతాయి. ఏటా ఒకసారి నూనె పట్టించాలి, అంతే.

బిగించడం

హాక్సా బ్లేడుతో ట్యూబులు కోసేటప్పుడు అంచు నిటారుగా ఉండాలి. వంకరగా కోసిన అంచు దిమ్మకు ఒక్క చోటే ఆనుతుంది, బరువంతా అక్కడే పడుతుంది. గునియా (ఎల్ ఆకారపు మూల మట్టం) పెట్టి నాలుగు వైపులా గీత గీసి కోయండి. నాలుగు ముక్కలను పక్కపక్కన నిలబెట్టి ఎత్తు చూడండి, పొడవున్నదాన్ని ఆకురాయితో లాగండి.

ట్యూబులు ఎక్కించక ముందే ఎనిమిది మూలల్లోనూ విడి చేతులను ఎం6 బోల్టుతో 10 నంబరు బాక్సు పానా పెట్టి బిగించేయండి. ట్యూబు ఎక్కాక ఆ నట్టు లోపలికి వెళ్లిపోతుంది, మళ్లీ అందదు. ప్లాస్టిక్ మీద నట్టు కాబట్టి వాషర్ ఆనాక ఇంకో అర చుట్టు చాలు.

తర్వాత అడుగు చట్రం. చదునైన గ్రానైట్ నేల మీద పెట్టి నాలుగు మూలలు దిగ్గొట్టి, ఐమూలగా బయటి మూల నుంచి బయటి మూలకు టేపు పట్టండి. రెండు వైపులా సరిగ్గా 50 సెం.మీ. రావాలి. ఇల్లు ముగ్గు పోసేటప్పుడు మేస్త్రీలు మూడు, నాలుగు, ఐదు అడుగులతో మూల మట్టం చూస్తారు కదా, అదే లెక్క. 40, 30 పెట్టమన్నది ఇందుకే. తేడా వస్తే పొడవు ఎక్కువున్న ఐమూల వైపు సుత్తితో మెల్లగా తట్టండి. 50 వచ్చాకే రంధ్రాలు వేయాలి.

అడ్డ ట్యూబుల రంధ్రాలు జాయింటులో ముందే పెట్టొద్దు. ట్యూబు ఎక్కించాక, అంచు నుంచి 20 మి.మీ. దూరంలో పంచు కొట్టి, ట్యూబునూ చేతినీ కలిపి ఒకేసారి 5 మి.మీ. డ్రిల్లు వేయండి. రెంటి రంధ్రాలూ ఎప్పటికీ కలుస్తాయి. ఎల్ ముక్క చేతులు రెండూ దిమ్మ నుంచి వేర్వేరు దిక్కులకు పోతాయి కాబట్టి బోల్టులు ఒకదానికొకటి తగలవు. ఎం5, 35 మి.మీ. బోల్టు, రెండు వాషర్లు, నైలాక్ నట్టు. నిలువు చేతిలో మధ్యన ఎం6 బోల్టు ఉంది, అక్కడ అడ్డంగా ఇంకో బోల్టు పట్టదు. మధ్య నుంచి 7 మి.మీ. పక్కకు జరిపి 13 మి.మీ. సెల్ఫ్ ట్యాపింగ్ స్క్రూ వేయండి.

చక్రాల ఇరుసును జాయింటు గుండా పంపొద్దు. మూలకు మన అరచేతి వెడల్పంత దూరంలో అడుగు ట్యూబుకే పంపండి. డ్రమ్ము ఇరుసును పై ట్యూబుల మధ్యన బ్రాకెట్లతో వేలాడదీస్తే, దాని బరువు నాలుగు నిలువు ట్యూబులకూ సమానంగా దిగుతుంది. హ్యాండిల్ మీ ఎత్తును బట్టి.

అడుగు ట్యూబులు నాలుగింటికీ కింది ముఖం మీద 5 మి.మీ. రంధ్రం ఒక్కోటి వేయడం మరచిపోవద్దు. బోల్టు సందుల్లోంచి ట్యూబులోకి నీళ్లు చేరతాయి. డెంగీ దోమకు కొద్దిపాటి నిలవ నీరు చాలు, మన బండి దానికి చోటివ్వకూడదు.

మొదటి వారం తర్వాత ఎం5 నట్లన్నీ ఒకసారి పానాతో చూడండి. గీతలు నలిగి సర్దుకున్నాక ఒకటి రెండు వదులవుతాయి. ఎండాకాలం అయిపోయాక ఏదో ఒక మూల ట్యూబు లాగి చేతి మొదట్లో చూడండి. పగులు మొదలైతే ముదురు రంగు ప్లాస్టిక్‌లో అక్కడ తెల్లటి గీత కనబడుతుంది. లేత రంగులో అది సరిగా తెలియదు, గోటితో గీకి వెంట్రుకంత పగులు ఉందేమో చూడాలి. ఉంటే ఆ ముక్క మార్చేయండి. అందుకే ఎనిమిది కాదు, పది చేయించుకోండి. మిగిలిన రెంటి మీద ట్యూబు లోపలి కొలత, ప్రింటు చేసిన కొలత మార్కరుతో రాసి, పానా ఉండే డబ్బాలోనే వేసి పెట్టండి.